రెండు విమానాలు కూల్చని బీరయ్య

“తాతా, నువ్వు రెండు విమానాలు కూల్చినవని పేపర్ల రాసిండ్రు కదా. గా సన్మానం నాడు స్టేజీ మీద అసలు నువ్వేం చెప్పినవ్?”

రెండా. ఒక్కటి గూడ లేదు బిడ్డా. కూల్చుడు ఇడిసిపెట్టు, ఆ దినం నేను విమానాన్ని కండ్లతోని సూడనే లేదు. సప్పుడు ఇన్న, గంతే. సప్పుడు ఇన్నోళ్ళందరికి సన్మానం జెయ్యాల్నంటే మా ఓడల మూడు వందల మందిమి ఉంటిమి, మూడు వందల శాలువలు కావాలె. మన తిరుమలగిరి అంగట్ల గన్ని దొరుకుతయా?

ఆ ఫోను జర దగ్గరికి పెట్టు. నా గొంతు ఎనుకటి లెక్క లేదు. మొదటి నుంచి చెప్త, లేకుంటే నీకు సమజ్ గాదు.

మాది గొర్ల కాపర్ల ఇల్లని నీకు ఎర్కే. మా నాయిన కాడ నూట ఇరవై జీవాలుండె. కాదు కాదు, నూట ఇరవై మా పెదనాయినయి, మాయి ఎనభై. గప్పుడు మంచి పొట్టేలు ముప్పై రూపాయలకు ఒస్తుండె. ఇప్పుడు గా పైసలకు పొట్టేలు మెడల గంట గూడ రాదు. ఎనిమిదేండ్లప్పటి సంది మందెంబడి తిరిగిన. సదువుకుంటనే కాసిన, కాసుకుంటనే తొమ్మిది దాక సదివిన. పద్దెనిమిదేండ్లకు గొంగళ్ళు అమ్మనీకి సికింద్రాబాద్ పోతే, ఆడ ఒక మైదానంల పోరగాండ్లు బనీన్ల మీద లైను గట్టిండ్రు. ఏందో ఏమో అని నేను గూడ నిలబడ్డ. రొమ్ము కొలిసిండ్రు, పండ్లు సూసిండ్రు, అటు ఉరుకు ఇటు ఉరుకన్నరు. మేము పొట్టేలును కొనేటప్పుడు గిట్లనే జేస్తం, నాకేం కొత్త అనిపియ్యలే. నేవీల తీస్కున్నరు. సముద్రమంటే ఏందో తెల్వదు నాకు. మా మూసి వాగుకంటే జర పెద్దగుంటదేమో అనుకున్న.

ఓడ పేరు చెప్ప. ఏ లడాయో గూడ చెప్ప, దస్తకత్ వెట్టిన నేను, బయట చెప్పనని. స్టేజీ మీద మన నాయకులు మాత్రం ఓడ పేరు నాలుగు తీర్ల చెప్పిండ్రు. నాలుగూ తప్పే. గందుకని రాజ్యం రహస్యం భద్రంగనే ఉన్నది.

దాన్ని డిస్ట్రాయర్ అంటరు. సన్నగ, పొడుగ్గ, జల్ది ఉరికే లడాయి ఓడ. నా పని చక్రం పట్టుడు. చక్రం పట్టేటోడు ముంగట నిలబడి సముద్రం సూస్తడని అందరనుకుంటరు. మీ అవ్వ గూడ గట్లనే అనుకోని నన్ను లగ్గం జేస్కున్నది. లేదు బిడ్డా. నేనుండేది కింద, ఇనుప గదిల. కిటికీ లేదు. ముంగట దిక్కులు సూపెట్టే ముల్లు, చేతుల చక్రం, మొకం కాడ ఒక ఇత్తడి గొట్టం. మీద, ఆకాశం కింద, కెప్టెన్ సార్ ఉంటడు. ఆయన గొట్టంల ఎటు తిప్పాల్నో చెప్తడు. నేను గదే మాట మల్ల ఆయనకు చెప్పి, తిప్పుత. బస్సు డ్రైవరు కండ్లకు గంతలు కట్టుకోని కూసుంటే, కండక్టరు టాపు మీద నిలబడి ఎటు తిప్పాల్నో చెప్పినట్టు. నవ్వకు, గిట్లనే దేశాలు దేశాలు తిరిగినం.

కెప్టెన్ సార్‌ది విశాఖపట్నం దిక్కు. బక్కపానం, కండ్లద్దాలు, మాట మెల్లగ. సూస్తే బడిల లెక్కలు చెప్పే పంతులు లెక్క ఉంటడు. డ్యూటీల ఇంగ్లీషు తప్ప మాట్లాడడు. డ్యూటీ అయిపోయిందంటే నాతోని తెలుగు. “ఏం బీరయ్యా, మీ గొర్రెలకి ఈత వచ్చా?” అనెటోడు. “నువ్వు మాట్లాడేది తెలుగేనా?” అనెటోడు. “మీది గూడ తెలుగే అంటున్నరు సార్, మా ఊర్ల ఎవ్వలు నమ్మరు,” అని నేనంటే, కండ్లద్దాలు తీసి తుడుసుకుంట నవ్వెటోడు.

గా సార్ మీద మూడు విమానాలొచ్చినయి. నాలుగో, మూడో, పైనున్నోళ్ళు తలో తీరు చెప్పిండ్రు. నేనైతే మూడంటున్న.

ఇప్పుడు విను, గిది జర నిదానంగ చెప్త. విమానం మీది నుంచి బాంబు వేసేటప్పుడు మనమేం జేస్తం? ఉరుకుతం. ఓడ గూడ పక్కకు తిప్పాల్నని పానం గుంజుతది. కని తొందరవడి తిప్పితే, మీదున్నోడు గూడ తిప్పుకుంటడు. ఆని చేతుల ఇంక బాంబు ఉన్నది కదా. బాంబు విమానం కడుపుల నుంచి ఇడిసినంకనే తిప్పాలె. ఇడిసినంక ఆడు ఏం జెయ్యలేడు. నీకుండేది మూడు గడియలు, నాలుగు గడియలు, నీ గుండె కొట్టుకునే లెక్కన. గంటే ఏందన్నట్టు? నెత్తి మీద పడే దాన్ని, అది ఇడిసిందా ఇడవలేదా అని కండ్లార్పకుంట సూస్కుంట ఉండాలె. మా సార్ కుర్సీల ఎనుకకు ఒరిగి, మొకం ఆకాశానికి పెట్టి సూసిండట. గద్ద గొర్రెపిల్ల మీదికి దిగేటప్పుడు మా నాయిన గూడ గంతే. అది రెక్కలు ముడిసిందాక కదలడు. ముడిసినంక ఒక్కటే దెబ్బ, వడిసెల రాయి. మా నాయిన గొర్రెపిల్ల కోసం జేసెటోడు. ఈన మూడు వందల మంది కోసం.

మొదటి సారి, గొట్టంల నుంచి “స్టార్‌బోర్డ్ థర్టీ” అన్నడు. గంటే కుడికి గట్టిగ. తిప్పిన. బాంబు ఎడమకు పడ్డది. ఓడ మొత్తం లేసి కూసున్నది, నా పండ్లు టకటక కొట్టుకున్నయి. రెండోసారి గూడ కుడే. గది గూడ తప్పిపోయింది. సార్ గొంతు ఎట్లున్నదనుకున్నవ్? పొద్దుగాల చాయ్ తెమ్మన్నప్పుడు ఎట్లుంటదో గట్లనే. నాకేం కనవడది కదా. నా లడాయి మొత్తం గా గొంతే.

మూడోసారి “పోర్ట్ థర్టీ” అన్నడు. పోర్ట్ అంటే ఎడమ.

నోటితోని “పోర్ట్ థర్టీ సార్” అన్న. చక్రం కుడికి తిప్పిన.

ఎందుకంటవా? ఆ రెండు బాంబులకు నా పానం ఓడల నుంచి పోయి మా ఊరి గుట్ట కాడ పడ్డది బిడ్డా. గొర్ల మందను ఎడమకు మలపాల్నంటే కాపరి ఏం జేస్తడు? కుడి దిక్కు ఉరుకుతడు. కుడి దిక్కు రాయి ఏస్తడు. గవి బెదిరి ఎడమకు మల్తయి. పదేండ్లు గదే జేసిన. మూడేండ్లు చక్రం పట్టిన, ఒక్కనాడు తప్పలే. పానం మీదికి వచ్చిన ఒక్క గడియల చెయ్యి నేవీని మర్సిపోయింది. ఎడమ అని ఇన్నది, కుడికి ఉరికింది. గీ తప్పు బెంగాలోడు చెయ్యడు, పంజాబోడు చెయ్యడు. గొర్లు కాసినోడే చేస్తడు.

మీద సార్ ముంగట ఒక ముల్లుంటది, చుక్కాని ఎటు తిరిగిందో సూపెడ్తది. ఆయన సూసిండు. ఎడమ అని చెప్తే ముల్లు కుడికి పోతున్నది, నెత్తి మీద బాంబు ఇడిసింది. మన తిరుమలగిరి బస్టాండ్ల డ్రైవరు తప్పు తిప్పితే పక్కోడు ఏమంటడు? ఆని అమ్మ, ఆని అక్క, అందరు యాదికొస్తరు. గొట్టంల నుంచి ఏమొచ్చిందో ఎర్కనా? “వెరీ గుడ్. కీప్ ఇట్ దేర్.” గట్లనే ఉంచు అని. గదే చాయ్ గొంతు. ఎనువెంటనే, ఎడమ ఇంజను ముంగటికి, కుడి ఇంజను ఎనుకకు అని ఆర్డరిచ్చిండు. కుడికే తిరుగుతున్నది కదా, ఇంక జల్ది తిరగాల్నని. నన్ను తిట్టనీకి పట్టే టైముల ఆయన ఓడను మలిపిండు.

అయినా మొత్తం తప్పలే. కుడి పక్క నీళ్ళల్ల పడ్డది, శానా దగ్గర. దాని ఇనుప ముక్కలు లేసి మీదికి కొట్టినయి. ముగ్గురికి దెబ్బలు తాకినయి. ఎవ్వలు సావలే, గదొక్కటి నా అదృష్టం. ముగ్గుర్ల సార్ ఒకడు. తొడల ఇంత ముక్క దిగింది. నాకు కింద గదేం తెల్వదు. లైట్లు పోయినయి, నేను చక్రం పట్టుకోని చీకట్ల నిలబడ్డ.

మల్ల నాలుగోసారి ఒచ్చిండ్రు. ఇప్పుడు నువ్వైతే ఏం జేస్తవ్? చక్రం కాడున్నోన్ని తీసెయ్ అంటవ్. నేనైనా గదే అంట. సార్ నన్ను పక్కకు జరుగు అనలే. గదే చేతికి, గొట్టంల నుంచి, “పోర్ట్ థర్టీ” అన్నడు. మల్ల ఎడమే. ఎడమకే తిప్పిన బిడ్డా. బాంబు ఏడ పడ్డదో నాకు సప్పుడు గూడ వినవడలే, గంత దూరం.

విమానాలు పోయినంక సార్ నిచ్చెన పట్టుకోని కుంటుకుంట కిందికి ఒచ్చిండు. బూటుల నెత్తురు పచపచ అంటున్నది. గదిల ఇంజన్లకు ఆర్డరు పంపే ఇంకొకన్ని మీదికి పంపిండు. మేమిద్దరమే.

“నోరేమంది, చెయ్యేం చేసింది బీరయ్యా?”

“నోరు ఎడమన్నది సార్. చెయ్యి కుడికి పోయింది.”

“ఎందుకు?”

గొర్ల ముచ్చట చెప్పిన. గట్లనే చెప్పిన, నీకు చెప్పినట్టు. ఆయన నిచ్చెన మెట్టు మీద కూసోని నవ్విండు. నెత్తురు కారంగ నవ్వుడు నేను గప్పుడే సూసిన. “మాకు ఇన్నేళ్ళు పాఠాలు చెప్పారు గానీ, ఇది మాత్రం ఎవరూ చెప్పలేదయ్యా,” అన్నడు. తర్వాత నవ్వు బంద్ జేసిండు. “విను. నేను కుడే చెప్పాను. పుస్తకంలో అదే రాస్తున్నాను. నిన్నడిగితే అదే చెప్పు.”

“సార్, గట్లైతే మీ మీదికి...”

“ఇది ఆర్డర్,” అన్నడు.

ఎంక్వయిరీ అయింది. గోడకు ఫ్యాను, బల్ల మీద చాయ్, బిస్కిట్లు. ఆడ కూసున్నోళ్ళు ఒక్కరు గూడ ఆ దినం ఓడల లేరు. ఆయన మూడు గడియలల్ల జేసిన పనిని నెల దినాలు నిమ్మలంగ సూసి, కుడికి తిప్పుడు తప్పు, ఎడమకు తిప్పాల్సుండె అని తేల్చిండ్రు. బరాబరే తేల్చిండ్రు. నన్ను అడిగిండ్రు, ఏ ఆర్డరొచ్చిందని. “స్టార్‌బోర్డ్ సార్” అన్న. పక్కానా అంటే పక్కా అన్న. గంతే నా సాక్ష్యం. మిగిలినోళ్ళు ఆ సప్పుళ్ళల్ల ఏ మాట ఒచ్చిందో ఇనవడలే అన్నరట. సార్‌కు శిక్ష ఏం ఎయ్యలే. కుర్సీ ఇచ్చిండ్రు. మల్ల ఓడ ఇయ్యలే. ఆఫీసుల కూసోని, ఫైళ్ళ మీద దస్తకత్‌లు వెట్టుకుంట రిటైరయిండని తర్వాత ఇన్న.

నేను పదిహేనేండ్ల సర్వీసు జేసి ఇంటికొచ్చిన. బావి, పొలం, నలభై గొర్లు, మీ అవ్వ. ఆయనకు ఒక్క కార్డు ముక్క రాయలే. రాద్దామని కొన్నరోజులు అనుకున్న. తర్వాత అనుకునుడు గూడ బంద్ జేసిన.

తెలంగాణ ఒచ్చినంక నాలుగైదేండ్లకు ఒకనాడు ఫోనొచ్చింది. ఆడమనిషి, మెత్తని గొంతు. “బీరయ్య గారేనాండీ? మా నాన్న గారు మీ కెప్టెన్,” అన్నది. సార్ పోయి ఏడాదైందట. ఆయన పెట్టెల, ఎవ్వలది ఏ పనో రాసిన ఓడ మనుషుల లిస్టు దొరికిందట. ఈమె కాలేజీల పాఠం చెప్పి రిటైరయింది. ఒక్కొక్కరికి ఫోన్ జేస్తే ఒకరు పోయిండ్రు, ఒకరికి ఇనరాదు, ఒకరికి యాది లేదు. ఆఖరుకు నేను. “చక్రం దగ్గర మీరే ఉన్నారట కదా. నాన్న తప్పు తిప్పించారని నా చిన్నప్పటి నుంచి వింటున్నానండీ. మా ఇంట్లో పెళ్లి జరుగుతుంటే కూడా ఆయన స్నేహితులు నవ్వుతూ ఆయనతో, నువ్వు మాత్రం కుడికి వెళ్లకు అనేవారు. ఆయన కూడా నవ్వేవారు. అది నిజమేనా?”

నేనేమన్ననో చెప్పనా? “నేను కింద ఉంటినమ్మా, నాకేం కనవడలే” అన్న.

అబద్ధం గాదది. గదే గలీజు ముచ్చట.

ఫోన్ పెట్టేసి సూస్తే మీ అవ్వ చాటల బియ్యం పట్టుకోని నిలబడ్డది. దానికొక్కదానికే నేను గీ సంగతి చెప్పిన, లగ్గమైన కొత్తల. ఆ ఫోనొచ్చిన పొద్దు అన్నం పళ్ళెం జర గట్టిగ పెట్టింది, గంతే. మీ అవ్వ గట్టిగ పెడ్తే గది ఎంక్వయిరీకంటే ఎక్కువ.

ఇగ సన్మానం ముచ్చట. మన మండలంల ఒక నాయకుడున్నడు, పేరెందుకు, కండువాయన అందం. ఎలక్షన్ ఎలక్షన్‌కు కండువ రంగు మారుతది గని మెడ గదే. పక్క మండలపోల్లు ఆళ్ళ సిపాయి ఒక ట్యాంకు పేల్చిండని బొమ్మ నిలబెట్టిండ్రు. ఈనకు కడుపుల మంట. మనకెవ్వలు లేరా అని దేవులాడి దేవులాడి నా ఇంటికొచ్చిండు. ఎంబడి పది బండ్లు.

“పెదనాయినా, నువ్వు లడాయిల ఎన్ని విమానాలు కూల్చినవ్?”

“నేను చక్రం పట్టిన బిడ్డా. తుపాకి నా కాడ లేకుండె.”

“పడ్డయా మరి?”

“పడలే. పోయినయి.”

ఆయన సోంచాయించిండు. “పోయినయంటే నీకు భయపడే పోయినయి కదా. ఒకటంటే పక్కోల్ల ట్యాంకుకు సమానమైతది, మనకేం ఇజ్జత్ ఉంటది. రెండు రాస్తం.” గట్ల పడ్డది, గా రెండో విమానం. మొదటిది ఎప్పుడు పడ్డదో నాకు గిప్పటికి తెల్వదు.

వద్దందామని నోరు తెరిసిన. గప్పుడే నాకొక ఆలోచన ఒచ్చింది. ఫోన్ల చెప్పనీకి నోరు రాలే. పది మంది ముంగట, మైకుల చెప్తే మల్ల ఎనుకకు తీస్కోనీకి ఉండది కదా. సరే అన్న. తర్వాత ఆ అమ్మకు నేనే ఫోన్ జేసిన. “మీరు ఒక్కసారి రండమ్మా. మీ నాయిన ముచ్చట మీ ముంగట చెప్త,” అన్న. ఆమె ఎందుకని గూడ అడగలే. బెజవాడ దాక రైలు, ఆడికెళ్ళి సూర్యాపేటకు బస్సు, సూర్యాపేటల ఇంకో బస్సు. అరవై దాటిన మనిషి. తిరుమలగిరిల దిగి, చేతి సంచి ఒళ్ళె పెట్టుకోని రెండో వరుసల ప్లాస్టిక్ కుర్సీల కూసున్నది. మీ అవ్వ పోయి పక్క పొంట కూసున్నది. బయలుదేరేటప్పుడే నాకు చెప్పింది మీ అవ్వ, “ఆ బిడ్డ ముంగట ఇయ్యాల గూడ నాకేం కనవడలే అంటే, ఇంటికొచ్చినంక నీకు నేను గూడ కనవడ” అని.

ఫ్లెక్సీ సూడాల్సుండె నువ్వు. ఓడ బొమ్మ పెట్టిండ్రు, దాని మీద ఈతకొలను ఉన్నది, దాని పక్క పొంట ఎర్ర గొడుగులు. టూరిస్టుల ఓడది. దాని ముంగట కండువాయన నిలబడి దుర్బీనుల సూస్తున్నడు, ఏం సూస్తున్నడో, వచ్చే ఎలక్షన్ కావచ్చు. నేను మూలకు ఉన్న, ఆయన చెప్పంత. కెప్టెన్ సార్ ఫోటో లేదు. ఎందుకు పెట్టలేదంటే ఫ్లెక్సీ కొట్టే శ్రీనుగాడు, “ఆయన మన జిల్లా గాదు కదా తాతా” అన్నడు.

నాకొక టోపీ పెట్టిండ్రు. నేవీ టోపీ దొరకలేదట, బ్యాండు మేళపోల్లది తెచ్చిండ్రు, బంగారు కుచ్చులు, ఎర్ర పట్టీ. పెట్టుకుంటే ఎవ్వలైనా ఒచ్చి లగ్గం కిరాయి ఎంత అని అడిగేటట్టున్న. ముఖ్య అతిథి మూడు గంటలు లేటు. బడి పిల్లలు ఎండల సెల్యూట్ పెట్టుకోని నిలబడి, చెయ్యి నొప్పి పుట్టి ఈ చెయ్యి దించి ఆ చెయ్యి పెట్టిండ్రు. కండువాయన నలభై నిమిషాలు మాట్లాడిండు. అండ్ల ముప్పై ఐదు నిమిషాలు ఆయన ఏయించిన బోర్ల గురించి. రెండు విమానాలు అన్నప్పుడల్ల నా దిక్కు చెయ్యి సూపెడ్తడు, అందరు చప్పట్లు. నేను లెక్కవెట్టలే గని అట్లట్ల సాయంత్రానికి ఎన్ని విమానాలైనయో.

నాకు మైకిచ్చిండ్రు. రెండు నిమిషాలన్నరు.

“నేను విమానాలు కూల్చలే,” అన్న. చప్పట్లు. ఎందుకు కొట్టిండ్రో నాకు తెల్వదు. “ఆ దినం మా కెప్టెన్ సార్ నన్ను ఎడమకు తిప్పమన్నడు. నేను భయపడి కుడికి తిప్పిన. గందుకే బాంబు మా పక్కనే...”

బాంబు అన్న మాట ఇనుడే ఆలస్యం, శ్రీనుగాడు పటాకుల లడి అంటువెట్టిండు. ఆనికి ముందుగాలనే చెప్పి పెట్టిండ్రట, తాత బాంబు అనంగనే పేల్చాల్నని. ఐదు వేల లడి. ఐదు నిమిషాలు నేను మైకు పట్టుకోని నిలబడ్డ. పొగ. నలభై ఏండ్లు దాటినంక నెత్తి మీద మల్ల గదే సప్పుడు. మైకు కట్టెను చక్రం లెక్క రెండు చేతుల గట్టిగ పట్టుకున్న బిడ్డా, అబద్ధమెందుకు. జనం ఏమనుకున్నరు, ముసలాయన జోష్ మీదున్నడు అనుకున్నరు. నేను ఆగిన. ఆ లడిల ఆఖరు పటాకు పేలిందాక ఆగి, మల్ల మొదటి నుంచి చెప్పిన. ఎడమ అన్నడు, కుడికి తిప్పిన. తప్పు నాది. సార్ తన మీద ఏసుకున్నడు. నేను ఎంక్వయిరీల అబద్ధం చెప్పిన. ఆయనకు మల్ల ఓడ ఇయ్యలే. ఇంతసేపు నా మెడల ఏసిన దండలన్ని ఆయనయి.

అందరు సల్లవడ్డరు. ఒక్క గడియ నేననుకున్న, ఇన్నరు అని.

కండువాయన లేసి మైకు గుంజుకున్నడు. కండ్లల్ల నీళ్ళు. “సూసిండ్రా అన్నలారా, అక్కలారా. గిదీ మన తెలంగాణ బిడ్డ గుణం. ఇంత జేసి గూడ నాదేం లేదంటున్నడు. తప్పు గూడ నెత్తి మీద ఏసుకుంటున్నడు. గీయన వినయానికి ఇంకొక్కసారి చప్పట్లు.” చప్పట్లంటే చప్పట్లు గాదు, లేసి నిలబడి కొట్టిండ్రు. నేను తప్పు జేసిన అంటే గంత గనం చప్పట్లు. నిజంగ కూల్చి ఉంటే గన్ని కొట్టకపోదురు.

మైకు మల్ల అడిగితే ఇయ్యలే. డీజే పెట్టిండ్రు.

జనం పోయిండ్రు. టెంటు ఇప్పుతుంటే ఆ అమ్మ గదే కుర్సీల కూసున్నది. నేను మెట్లు దిగి పోయిన. టోపీ తీసిన.

“బీరయ్య గారూ,” అన్నది, “మీరు చెప్పింది నిజమా, ఆయన చెప్పినట్టు వినయమా?”

“నిజమమ్మా.”

“ఫోన్లో ఎందుకు చెప్పలేదు?”

“భయమైంది.”

“నాన్న పోయారు. ఎంక్వయిరీ వాళ్లూ పోయారు. ఇంకెవరికి భయం?”

“తిట్టేటాయన ఉంటే తిట్టించుకుందు. ఆయన లేడు. గదే భయమైంది.”

ఆమె నిమ్మలంగ, గొంతు పెంచకుంట అడిగింది. “ఆయన ఆర్డర్ ఇచ్చారు, సరే. అది సర్వీసులో ఉన్నప్పుడు. ఇంటికొచ్చాక ఒక ఉత్తరం రాయొద్దని కూడా ఆర్డర్ ఇచ్చారా? ఆయన ఎనభై ఏళ్లు దాటి బతికారండీ. నాకు రాయకపోతే పోనీ, ఆయనకే రాయాల్సింది. మర్చిపోలేదు సార్ అని ఒక్క ముక్క.”

ఆర్డర్ అని నలభై ఏండ్లకు పైబడి చెప్పుకున్న గని, ఆర్డర్ మాటున దాక్కున్న అని ఆ అమ్మ రెండు ముక్కలల్ల తేల్చింది. గంత పెద్ద ఎంక్వయిరీ తేల్చలేనిది.

“రాసివ్వగలరా?” అన్నది.

కాయితం లేదు. నా చేతుల సన్మాన పత్రం ఉన్నది, బంగారు రంగు ఫ్రేముల. మీ అవ్వ ఒచ్చి ఫ్రేము ఎనుక మేకులు పీకింది, పండ్లతోని ఒకటి, చేతితోని మూడు. పత్రం తీసి, ఎనుక పక్క తెల్లగున్నది కదా, గండ్ల రాసిన. నా పేరు, నా నంబరు, ఓడ పేరు. ఆ దినం మూడో దాడిల కెప్టెన్ గారు ఎడమకు ఆర్డరిచ్చిండు, నేను కుడికి తిప్పిన, ఆయన నా తప్పును తన పేరు మీద రాసుకున్నడు, నేను అబద్ధపు సాక్ష్యం చెప్పిన. కింద దస్తకత్. పక్క పొంట మీ అవ్వ సాక్షి, ఏలిముద్ర. పటాకుల మసి ఉన్నది కదా స్టేజీ మీద, గండ్లనే ఏలు ముంచింది.

ఆ అమ్మ సదివింది. మల్ల తిప్పి ముంగట పక్క సదివింది, అరివీర భయంకరుడు, రెండు శత్రు విమానాలను నేలకూల్చిన మన బీరయ్య అని. “సముద్రంలో నేలకెలా కూల్చారండీ?” అన్నది. గప్పుడు నవ్వింది. మా సార్ నవ్వే. కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది గూడ.

మాఫ్ జేసిన అనలే. నేను అడగలే. ఇంటికి రండమ్మా, అన్నం తిని పోదురంటే, “ఇంకోసారి” అన్నది. పత్రం మడిసి సంచిల పెట్టుకున్నది. దాన్ని ఎవ్వలకు పంపిందో, ఆళ్ళు ఏమన్నరో నాకు తెల్వదు. పేపర్ల మాత్రం తెల్లారి రెండు విమానాలే ఒచ్చినయి, టోపీ ఫోటోతోని. ఫ్రేము ఒక్కటి ఇంట్ల మిగిలింది. మీ అవ్వ అండ్ల రేషన్ కార్డు పెట్టింది.

సూర్యాపేట బస్సు కాడికి నేనే తోలుకపోయిన. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు స్టార్టయినంక ఆమె తల బయట పెట్టింది. “ఒక్క మాట చెప్పాలండీ,” అన్నది. “ఆ రోజు గురించి నాన్న అమ్మకి చెప్పారు, నాకు చెప్పారు, చాలాసార్లు చెప్పారు. మీ పేరు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. చివరి నెలల్లో మతి తప్పింది. నన్ను కూడా గుర్తుపట్టలేదు. మంచం మీద ఎవరో అడుగుతున్నట్టు, కుడే చెప్పాను, నేను కుడే చెప్పాను అనేవారు. నేనది తప్పు ఒప్పుకోవడం అనుకున్నాను.”

బస్సు పోయింది. నేను చెయ్యి ఊపలే. అటెన్షన్‌ల నిలబడ్డ, బస్టాండ్ల, జామపండ్ల బండి పక్క పొంట. పండ్లామె ఏం కావాలె తాతా అన్నది.

మతి పోయినంక గూడ బిడ్డా. బిడ్డనే మర్సిపోయిండు, నన్ను మాత్రం... ఆ, ఏం లేదు. ఏం లేదు, పొగ. మీ అవ్వ పొయ్యి అంటువెట్టినట్టున్నది.

ఇగ బంద్ చెయ్ దాన్ని. చాయ్ తాగి పో. సదువు మంచిగ సదువు. నీ తప్పును మోసి గూడ నీ పేరెత్తని పెద్ద మనిషి నీకొకడు దొరకాలె. దొరికితే, ఆయన బతికున్నప్పుడే జర... ఒక కార్డు ముక్క...